నలభై ఒకటో పేజీలోని బావి

దయ్యాలను నేను నమ్మను. ఇది రాసి ముగించాక కూడా నమ్మబోను. సివిల్ ఇంజనీరింగ్ చదివాను, మదనపల్లెలో ఒక కాంట్రాక్టరు దగ్గర పునాదుల లెక్కలు చూస్తాను. ఒకసారి శ్మశానం పక్కన కట్టిన గోడౌనులో నాలుగు నెలలు పడుకున్నాను. దోమలు తప్ప ఏవీ నా జోలికి రాలేదు. ఇక్కడ రాస్తున్నవి నేను చూసినవి, కొలిచినవి మాత్రమే.

మదనపల్లెలో నెలకోసారి కలిసే చదువరుల బృందం మాది. పోయిన వేసవిలో వాళ్లు నాకొక పని అప్పగించారు. ఒక నగరం ఎలా పుట్టి పెరిగిందో చెప్పే పుస్తకాలు, కథలూ నవలలూ కానివి, ఐదు సిఫారసు చేయాలి. జాబితాలు రాయడం నాకు పిచ్చి అని అందరికీ తెలుసు.

మూడు నియమాలు పెట్టుకున్నాను. రాసిన మనిషి ఆ వీధుల్లో నడిచి ఉండాలి. లోపల పటం ఉండాలి. ఇప్పుడు వెళ్లినా కళ్లతో చూడగలిగే వివరం ఒకటి ప్రతి పుస్తకం నుంచి పేజీ నంబరుతో సహా ఇవ్వాలి. ఈ మూడోది లేకపోతే సిఫారసు ఉత్త పొగడ్త అవుతుంది.

నాలుగు సులువుగా కుదిరాయి, నాలుగూ బెంగళూరు గురించే. ఒకటి పూడిపోయిన చెరువుల మీద. ఏ మైదానం కింద ఏ చెరువు ఉందో చెబుతుంది. ఒకటి పాత పేటలో ఏ వ్యాపారం ఏ వీధికి ఎందుకు చేరిందో చెప్పేది. ఇంకొకటి రైలు వచ్చాక ఊరు ఏ దిక్కుకు సాగిందో చెప్పేది. నాలుగోది మురుగు కాలువల చరిత్ర. వినడానికి బాగుండదు గానీ, వాన పడ్డప్పుడల్లా అవే వీధులు ఎందుకు మునుగుతాయో అది చదివాకే నాకు అర్థమైంది.

ఐదోది మన వైపు ఊరి గురించి ఉంటే బాగుంటుందనిపించింది. అలాంటిది ఒకటి చదివిన గుర్తు కూడా ఉంది. రెండేళ్ల కిందట కుప్పంలో గ్రానైటు షెడ్డు కట్టే పని మీద ఐదు నెలలు ఉన్నాను. పని అయ్యాక సాయంత్రాలు ఒక చిన్న రీడింగ్ రూములో కూర్చునేవాణ్ణి. అక్కడ పుంగనూరు గురించిన నీలి అట్ట పుస్తకం ఒకటి మూడు రోజులు చదివాను. పేరు ఉండే పేజీ చిరిగిపోయి ఉండింది. బీరువా నంబరు, పుస్తకం మీది నంబరు, పేజీ నంబర్లు మాత్రం నా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఆ రోజు శనివారం. ఉదయం పదిన్నరకు జాబితా టైపు చేయడానికి కూర్చుని, మూడో నియమానికి తగిన వివరం కోసం నోటుపుస్తకం తెరిచాను. నా చేతిరాతలో ఇలా ఉంది:

"పే. 41. గానుగల వీధి వెనక సందు. మూలలోని రాతి తొట్టి నుంచి తూర్పుకు 34 అడుగులు. పాత బావి. పూడ్చలేదు. నోటి మీద బండలు పరిచి మన్ను కప్పారు. పైన ఇల్లు కట్టబోతే బండ విరిగి నలుగురు పోయారు."

ఎప్పటిదో పాత ప్రమాదం అనుకుని రాసుకున్న మాటలు. కొలత ఉంది కాబట్టే రాసుకుని ఉంటాను. దాన్ని టైపు చేస్తూ "తూర్పుకు" అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఆ సందు నాకు తెలుసు. పశువులు నీళ్లు తాగే ఆ తొట్టికి తూర్పున ఆనుకుని ఉన్న ఖాళీ స్థలాన్ని మా బావ ఆరు నెలల కిందట కొన్నాడు. పుంగనూరులో ఆయనది పాల వ్యాపారం. ఆ వారమే పునాదులు తవ్విస్తున్నాడు.

పొద్దున ఎనిమిదికి అక్క ఫోనులో పంపిన మాటలు మళ్లీ విన్నాను. "రాయి తగిలిందప్పా! నాలుగడుగులకే! మీ బావ టెంకాయ కొట్టి అందురికీ మిఠాయి పంచినాడు."

మా వైపు నేలంతా గుండురాళ్లే. పునాది గుంటలో రాయి తగిలితే ఇంటివాళ్లు పండగ చేసుకుంటారు. ఇల్లు వంద సంవత్సరాలు కదలదని నమ్మకం. తగిలింది ఏ రాయి అని ఎవరూ అడగరు. పొద్దున ఆ మాట విని నేనూ సంతోషపడ్డాను.

బావకు ఫోన్ చేశాను. మోగి ఆగిపోయింది. అక్క ఫోన్ ఆఫ్. బస్టాండుకు పరుగెత్తి పుంగనూరు బస్సు ఎక్కాను. గంట దారిలో పదకొండు సార్లు చేశాను. మధ్యలో మనసు ఊరుకోక లెక్కలు వేసింది: బండ మందం అర అడుగు, పైన ఇంతమంది, గడ్డపార దెబ్బ ఇంత. ఏ లెక్కా నాకు ధైర్యం ఇవ్వలేదు.

నేను చేరేసరికి గుంట ఇంకా వెడల్పైంది. అడుగున మట్టి ఊడ్చి రాయిని శుభ్రం చేశారు, నల్లగా చదునుగా మెరుస్తోంది. దాని మీద నిలబడ్డవాళ్లను లెక్కపెట్టాను. మేస్త్రి మునెప్ప, కూలికి వచ్చిన మొగుడూ పెళ్లాలు, మా బావ. నలుగురు.

"ఏం బామ్మర్దీ, రాయి సూసేకి బస్సెక్కి వచ్చినావా?" అని బావ కిందినుంచి నవ్వాడు.

"బావా, పైకి రా. అందురూ రండి. అది రాయి కాదు, బావి మూత."

"ఎవురు సెప్పినారు సార్?" అన్నాడు మునెప్ప.

"పుస్తకంలో ఉండాది."

నలుగురూ ఒక్కసారిగా నవ్వారు. "ముప్పై ఏండ్లుగా గడ్డపార పట్టినోణ్ణి సార్. యాడ రాయి ఉండాదో నా సెయ్యే సెప్తాది. పుస్తకాన్ని యాల అడగాల?" అంటూ మునెప్ప గడ్డపార ఎత్తి రాయి మీద ఒక్క పోటు పొడిచాడు.

అప్పుడే అక్క టీ ఫ్లాస్కుతో వచ్చింది. నా ముఖం చూసింది. ఏమైందని అడగలేదు. గుంట అంచున నిలబడి, "టీ పైకొచ్చి తాగండి. ఆడికి తెచ్చి ఇయ్యను, గ్లాసుల్లో మన్ను పడతాది" అంది. బావ కదలలేదు. "నీకు ఏరేగా పత్రిక పంపించల్లా? రా పైకి" అని గదమాయించింది.

ఒక్కొక్కరే పైకి ఎక్కారు. బావ చివర. ఆయన మోకాలు గట్టు మీద ఆనగానే చెయ్యి పట్టి ఇవతలికి లాగాను.

మునెప్పకు మాత్రం నా మాట తలకెక్కలేదు. టీ తాగి గ్లాసు కింద పెట్టి, గుంటలోంచి తీసి గట్టున పడేసిన పెద్ద గుండు దగ్గరికి వెళ్లాడు. "దీన్ని దొర్లిస్తా సూడండి. అది రాయే అయితే రేపు మీరు మాకు బిర్యానీ పెట్టాల."

గుండు కిందపడింది. రాయి మీద రాయి పడ్డ చప్పుడే వచ్చింది. మునెప్ప నా వైపు తిరిగి నవ్వబోయాడు. అంతలో గుంట అడుగు మధ్యలో కుంగింది. నల్ల బండ రెండుగా విరిగి, గుండుతో పాటు లోపలికి పోయింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. అప్పుడు నీళ్ల చప్పుడు వినిపించింది. రెండు సెకన్లంటే అరవై అడుగుల పైమాటే.

లోపలినుంచి చల్లటి గాలి, పాత నీళ్ల వాసన వచ్చాయి. బావ నేల మీద కూలబడ్డాడు. అక్క ఆయన భుజం పట్టుకుని అలాగే నిలబడింది. నా నోటుపుస్తకంలోని చివరి వాక్యం వాళ్లకు ఆ రోజు చెప్పలేదు. ఇప్పటికీ అక్కకు తెలియదు.

సాయంత్రం టేపు పెట్టి కొలిచాను. తొట్టి అంచు నుంచి బావి నడిమికి ముప్పై నాలుగు అడుగుల రెండంగుళాలు.

ఆ సందులో అందరికంటే పెద్దావిడ తొంభైకి దగ్గరగా ఉంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ అక్కడ బావి అనే మాటే వినలేదంది. గానుగల వాళ్ల ఇళ్లలోనూ అడిగాను. బావి సంగతి ఎవరికీ తెలియదు. నలుగురు చచ్చిపోయిన ప్రమాదమైతే అసలే తెలియదు. అలాంటిది జరిగి ఉంటే ఏ ఊరూ మరిచిపోదు.

మరుసటి వారం కుప్పం వెళ్లాను. రీడింగ్ రూము చూసుకునే ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "కిటికీ కాడ కూసోని రాసుకుంటా ఉంటిరి కదా!" నీలి అట్ట పుస్తకం మాత్రం ఆమెకు గుర్తులేదు. నేను రాసుకున్న బీరువా ఉంది. అందులో ఆ పుస్తకం లేదు. పుస్తకం మీది నంబరు 2614 అని చెప్పాను. ఆమె రిజిస్టరు తెచ్చి చివరి పేజీ తిప్పింది. చివరి నంబరు 2190.

"మా పుస్తకాలు ఇంకా ఆడిదాకా రాలేదప్పా. వచ్చినాక ఫోన్ సేస్తాలే, మీ నంబరు ఇచ్చి పోండి" అని నవ్వింది.

నంబరు ఇచ్చాను. నవ్వలేకపోయాను.

అంకె తప్పు రాసుకున్నానా అనుకున్నాను. కానీ రిజిస్టరు మొదటినుంచి చివరిదాకా చూశాను. ఏ నంబరు కిందా పుంగనూరు పుస్తకం లేదు. ఎవరో చెప్పగా విన్నది పుస్తకంలో చదివానని భ్రమపడ్డానా? బావి సంగతే తెలియని ఊళ్లో ఎవరు చెబుతారు? రాసుకున్నదాన్ని తర్వాత మార్చుకున్నానా? దాని తర్వాతి పేజీలోనే షెడ్డు స్తంభాల ఆఖరి కొలతలు అదే సిరాతో ఉన్నాయి.

బృందానికి నాలుగు పుస్తకాల జాబితానే పంపాను. ఐదోది ఏదని అడిగితే దొరకలేదన్నాను. అది నిజమే.

బావ ఆ బావిని మట్టితో పూడ్పించి, ఇల్లు పక్కకు జరిపి కట్టుకుంటున్నాడు. గోడలు లేచాయి. అక్కావాళ్లు క్షేమం. నా నోటుపుస్తకంలో నలభై ఒకటో పేజీ వివరం కింద ఇంకొక వరుస ఉంది: "పే. 43. రెండో బావి. వీధి, కొలతలు రేపు రాసుకోవాలి." మరుసటి రోజు షెడ్డు పని ముగిసింది, గది ఖాళీ చేసి వచ్చేశాను.

ఆ పేజీ నేను చదివాను. చదివానని నా చేతిరాతే చెబుతోంది. ఏ వీధో, ఎంతమందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.