బెంచీల మీద బొంతలు

ఆవిడకు సొంత పేరొకటి ఉందన్న సంగతే చర్చి సంఘంలో చాలామంది మరచిపోయారు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ బొంతలక్కే. దర్జీ కొట్లో కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు మడిచి చేతికుట్టు వేయడం ఆవిడ పని. సాయంత్రం కొట్టు కట్టేసే వేళకు కత్తెర కింద రాలిన ముక్కలన్నీ దర్జీ ఓ సంచిలో కూరి ఉంచేవాడు. "తీసుకెళ్ళక్కా, మీ దేవుడి వాటా," అనేవాడు. ఆయనకు చర్చితో ఏ సంబంధమూ లేదు. అయినా మంచి గుడ్డ వచ్చినప్పుడు ఓ పెద్ద ముక్క చెయ్యి జారినట్టే కింద పడేసేవాడు. ఆవిడ అది చూసేది. చూసినట్టు ఆయనకు తెలియనిచ్చేది కాదు.

ఆ లూథరన్ సంఘం చిన్నదే గాని దాని చెయ్యి పెద్దది. వారానికొక పూట ఒంటరి ముసలివాళ్ళకు వేడి భోజనం పెట్టేవారు. పెద్దాసుపత్రి వరండాలో రోగుల కోసం పడిగాపులు పడేవాళ్ళకు పాలూ రొట్టే పంచేవారు. అన్నింటికన్నా పేరు తెచ్చింది మాత్రం బొంతలు. యుద్ధంలోనో వరదలోనో ఇల్లు పోగొట్టుకున్న పరాయి దేశాలవాళ్ళ కోసం స్త్రీల సమాజం ఏడాది పొడుగునా బొంతలు కుట్టి, మూటలు కట్టి ఓడకెక్కించేది.

పైన ముక్కల గుడ్డ, మధ్యలో పాత కంబళి, అడుగున గట్టి గుడ్డ. ఈ మూడూ ఒకదాని మీంచి ఒకటి జారిపోకుండా జానెడుకొక ఊలు ముడి వెయ్యాలి. ముడి బిగించేటప్పుడు ఒక ప్రార్థన చెయ్యాలి. అది వాళ్ళ ఆనవాయితీ. నర్సమ్మ ఎప్పుడూ తన నడుంనొప్పి గురించే ప్రార్థించేది. "ఒసే, అన్ని ముళ్ళలోనూ నడుంనొప్పే కట్టి పంపిస్తే, పాపం కప్పుకున్నవాడు పొద్దున లేవలేడే!" అని పక్కావిడ అంటే గదంతా గొల్లుమనేది. బొంతలక్క కూడా నవ్వేది. ఆవిడ ముళ్ళలో మాత్రం ఒకే ఒక్క మాట ఉండేది: ప్రభువా, మా చిన్నోడిని ఇంటికి పంపించు.

చిన్నోడంటే ఆవిడ తమ్ముడు. గోడలకు రంగులు వేసేవాడు. తల్లి పోయాక వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పెంచింది ఈవిడే. పెద్దయ్యాక తాగుడు పట్టుకుంది. ఒకనాడు తూలుకుంటూ వచ్చి వరండాలో వాంతి చేసుకుంటే ఆవిడ భర్త, అంటే వాడి బావ, మొదట నీళ్ళు పోసి కడిగాడు, ఆ తరవాత వాణ్ణి గుమ్మం దాటించాడు. "మళ్ళీ నా గుమ్మం తొక్కావో, కాళ్ళు విరగ్గొడతా," అన్నాడు. ఆవిడ తలుపు వెనక నిలబడి నోట్లో కొంగు కుక్కుకుంది. వాడు ఊరొదిలి పోయాడు. ఏళ్ళు గడిచాయి. బావా కన్నుమూశాడు. ఇప్పుడా గుమ్మం ఆవిడది. వచ్చేవాడే లేడు.

మూటలు కట్టే ముందు ఆదివారం బొంతలన్నిటినీ చర్చిలో బెంచీల వీపుల మీద పరిచేవారు. ఆరాధన మొదట్లోనే సంఘమంతా వాటి మీద చేతులుంచి ప్రార్థించేది. ఒకప్పుడు ఆ ప్రార్థన అయ్యాక కొందరు మెత్తటి బొంతలు ఏరుకుని చంకన పెట్టుకుపోతుంటే బొంతలక్కే లేచి నిలబడి, "చేతులుంచి దేవుడికి అప్పజెప్పాక అది మన సొత్తు కాదు. ఎంతటివాళ్ళయినా సరే, దాన్ని కప్పుకోకూడదు, ఇంటికి తీసుకుపోకూడదు," అంది. అందరూ సిగ్గుపడ్డారు. పాస్టరు అయ్యగారు మెచ్చుకున్నారు. అప్పట్నుంచీ అది ఆ సంఘంలో శాసనమైపోయింది.

ఆ ఏడు ఆ ఆదివారం తెల్లారకుండానే వాన పట్టుకుంది. చలిగాలి కిటికీ సందుల్లోంచి కోస్తోంది. చేతులుంచే ప్రార్థన అయిపోయి ప్రసంగం నడుస్తుండగా వెనక తలుపు కిర్రుమంది. ముందు బెంచీలో కూర్చున్న బొంతలక్క తల తిప్పలేదు. స్త్రీల సమాజానికి పెద్ద కాబట్టి ప్రసంగం తరవాత లేచి ప్రార్థన చెయ్యాల్సింది ఆవిడే. ఆ మాటలు మనసులో కూర్చుకుంటోంది.

కాసేపటికి సంఘపెద్ద వంగి ఆవిడ చెవిలో చెప్పాడు. ఆయన బడిపంతులుగా చేసి రిటైరైనవాడు, ఎవరినీ పరుషంగా అనలేనివాడు.

"అమ్మా, ఆఖరి బెంచీలో మీ తమ్ముడు... బొంత లాగి కప్పేసుకున్నాడు. అందరూ చూస్తున్నారు. నేను చెబితే నొచ్చుకుంటాడేమో. మీరైతే..."

ఆవిడ చటుక్కున లేచి వెనక్కి తిరిగింది. వాడే! గడ్డం నెరిసింది, దవడలు లోపలికి పోయాయి. నెత్తిమీంచి నీళ్ళు కారుతున్నాయి. నీలం ముక్కల బొంత మెడదాకా చుట్టుకుని, దాని కింద గజగజ వణుకుతూ అక్కవైపే చూస్తున్నాడు.

బెంచీల మధ్య నడిచిన ఆ కాసేపట్లోనే ఆవిడ మనసు రెండుగా చీలింది. పరిగెత్తి వాణ్ణి వాటేసుకోవాలని ఉంది. రెండు పక్కలా చూపులు ఉన్నాయి. నడుంనొప్పి నర్సమ్మ చూస్తోంది. ఒకప్పుడు బొంత చంకన పెట్టుకుని దొరికిపోయిన ఆవిడా చూస్తోంది. సొంత తమ్ముడనేసరికి నీ శాసనం ఏమైందమ్మా అని వాళ్ళు అనకపోయినా అన్నట్టే వినిపించింది.

దగ్గరికెళ్ళి వంగింది. సారా వాసన లేదు, తడిసిన బట్టల వాసన మాత్రమే ఉంది. గొంతు తగ్గించి అంది. "వచ్చావురా చిన్నోడా! బతికించావు. అది తీసెయ్యి నాన్నా. దేవుడికి ఇచ్చేసింది. ప్రార్థన కూడా అయిపోయింది. కాస్త ఓర్చుకో, అయ్యాక ఇంటికి పోదాం. ఇంతకన్నా మంచిది కప్పుతా."

వాడు నవ్వాడు. "దేవుడికి అంత చలేస్తోందా అక్కా?"

"పిచ్చి మాటలు మాట్లాడకు. అందరూ చూస్తున్నారు."

ఆ ఆఖరి మాటకే వాడి నవ్వు చచ్చిపోయింది. లేచి నిలబడి బొంతను విప్పాడు. తడి తగిలిన వైపు లోపలికి పోయేలా నాలుగు మడతలు పెట్టి రెండు చేతులతో అక్కకిచ్చాడు. ఆవిడ అందుకుంది. అంతలో అయ్యగారు ప్రసంగం ముగించి, "మన సోదరి ప్రార్థన చేస్తారు," అన్నారు. ఆవిడ బొంత పట్టుకునే ముందుకు నడిచి, చలిలో ఉన్న పరదేశుల కోసం ప్రార్థించింది. గొంతు వణికింది. ఎంత భారంతో చేసిందో అనుకుని కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి ఆఖరి బెంచీలో నీటి మరక తప్ప ఏమీ లేదు.

బయట, చర్చి గంట కొట్టే గంటల తాత ఒట్టి చొక్కాతో చూరు కింద నిలబడి ఉన్నాడు.

"స్వెట్టర్ వాడికి తొడిగి పంపించానమ్మా," అన్నాడు. "ఉండరా, టీ తాగి పోదువు అంటే ఉండలేదు. బావ పోయాడని విని అక్కను చూద్దామని వచ్చాడట. చూశాను తాతా, ఇక చాలు అన్నాడు."

ఆవిడ వానలోనే నాలుగు వీధులూ గాలించింది. మర్నాడు దర్జీని సెలవడిగింది. "వెళ్ళక్కా, కాజాలు ఎక్కడికీ పారిపోవు," అన్నాడాయన. రంగుల దుకాణాలు, కూలీలు నిలబడే కూడలి, బస్సు డిపో వెనక రేకుల షెడ్లు అన్నీ తిరిగింది. ఎవరినడిగినా జాలిగా చూశారు, తెలియదన్నారు. ఇంట్లో మాత్రం వాడి కోసం కొత్త బొంత మొదలుపెట్టింది. మధ్యలో పాతది కాకుండా కొత్త కంబళే వేసింది. దాని మీద చేతులుంచే ప్రార్థన చేయించలేదు.

బొంత పూర్తయ్యేసరికి చలి తగ్గిపోయింది. పక్క ఊళ్ళో బోర్డులు రాసే షెడ్డులో వాడు పనిచేస్తున్నాడని దర్జీయే ఎక్కడో విని చెప్పాడు. మూట కట్టుకుని బస్సెక్కి వెళ్ళింది. వాడు రేకు మీద ఎర్ర రంగు పూస్తున్నాడు. ఆవిడను చూసి కుంచె పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుని, స్టూలు మీద దుమ్ము దులిపి వేశాడు.

"కూర్చోండమ్మగారూ. టీ తాగుతారా?"

"అమ్మగారేంట్రా! నేను మీ అక్కనురా."

వాడు టీ తెప్పించాడు. ఆవిడ మూట విప్పింది. "నీకేరా ఇది. చూడు, కొత్త కంబళి. ముట్టుకుని చూడు."

"చేతులకు రంగుందండీ."

"తప్పయిందిరా చిన్నోడా. ఆరోజు నాకు బుర్ర పనిచెయ్యలేదు. నేను పెట్టిన కట్టుబాటే నా మెడకు చుట్టుకుంది. ఇల్లు ఖాళీగా ఉంది. వచ్చెయ్. ఇంకెవరున్నారు మనకి?"

వాడు కుంచెను కిరసనాయిల్లో ముంచి కడిగాడు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. "బావ తోశాడంటే తప్పు నాది. తాగి వచ్చాను. దాన్ని నేనెప్పుడూ మనసులో పెట్టుకోలేదు. ఆరోజు తాగలేదు. మానేసి చాలా కాలమైంది. ఆ సంగతి ముందు నీకే చెప్పాలని వచ్చాను. నువ్వు నా ముఖం చూడ్డానికి రాలేదక్కా. బొంత కోసం వచ్చావు."

అక్కా అన్నాడని ఆవిడ ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పట్టుకోబోయింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "బస్సుకి వేళయింది. చీకటి పడితే మళ్ళీ ఇబ్బంది," అన్నాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆవిడ వద్దంటున్నా వినకుండా బొంతను మళ్ళీ మూటకట్టి భుజాన వేసుకుని బస్సు దాకా దిగబెట్టాడు. రద్దీలో దారి చేసి ఆవిడను ఎక్కించి, మూట ఒళ్ళో పెట్టాడు.

"ఈవిడ ఎవరు అన్నా, మీవాళ్ళా? జాగ్రత్తగా దింపమంటావా?" అని అడిగాడు కండక్టరు.

ఆవిడ నోరు తెరిచేలోపే వాడు చెప్పాడు. "కాదన్నా. చర్చి అమ్మగారు. దేశదేశాలకు బొంతలు పంపిస్తుంటారు. కాస్త సీటిప్పించు."

వాడు దిగిపోయాడు. బస్సు కదిలింది. కిటికీ పక్కనున్న పడుచుపిల్ల గబుక్కున లేచి ఆవిడకు చోటిచ్చింది. "ఎంత మంచి పనమ్మా!" అన్నాడు కండక్టరు, గౌరవంగా. ఆవిడ తలూపింది.