ఉపవాసపు పళ్లెంలో వెన్న

వాల్యెవో ఊళ్లో ఆ వీధి మొత్తానికీ చాక్లెట్ ఉండలంటే దెసాంకా చేసినవే. బిస్కెట్ల పొడిలో అక్రోట్లు, ఆల్‌బుఖారా జామ్, కాస్త రమ్ము కలిపి చుట్టి, కరిగిన చాక్లెట్‌లో ముంచి తీసేది. ఉండ మీద ఫోర్కు గుర్తు కనిపిస్తే ఆ పళ్లెం గుమ్మం దాటేది కాదు. పెళ్లికైనా నామకరణానికైనా వీధివాళ్లు ముందు ఫాదర్‌ని అడిగి, తర్వాత ఆమెను అడిగేవారు. కొందరు ఈ వరస తిరగేసేవారు కూడా. చేయి తిరిగిన మనిషి కదా, గర్వం ఉండేది. ఉంటే తప్పేముంది?

దెసాంకా ఇంటిని తరతరాలుగా కాచే దైవం పునీత నికోలా. ఆయన పండుగ డిసెంబరులో, క్రిస్మస్ ముందు ఉపవాసాల మధ్యన వస్తుంది. ఎవరినీ పిలవరు, రావలసినవాళ్లు వాళ్లే వస్తారు. వచ్చినవాళ్లకు గుడ్డు, పాలు, వెన్న తగలని వంటే పెట్టాలి. అందుకే ఆ రోజు ఉండల్లోకి వెన్న కాదు, నూనెలతో చేసిన మార్గరిన్ వేస్తారు.

ఆ ఏడాది దెసాంకాకు మతిమరుపు మొదలైంది. పొయ్యి ఆర్పడం మరిచిపోయింది, మనవరాలి పేరు కోసం తడుముకుంది. పండుగ అయ్యాక వంటిల్లు కోడలు సాన్యాకు వదిలెయ్యమని కొడుకు రాత్కో మెత్తగానే చెప్పాడు. ఇక విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆ మాట ఆమెకు చావు గంటలా వినిపించింది. ఈ ఒక్క పండుగ పళ్లెం సరిగ్గా కుదిరితే తన వంటిల్లు ఎవరూ తీసుకోలేరని మనసులో గట్టిగా అనుకుంది.

పండుగనాడు కొవ్వొత్తి వెలిగించారు. ఫాదర్ రొట్టెను దీవించి వెళ్లాడు. ఇల్లు నిండింది. దెసాంకా పెళ్లికి సాక్షిగా నిలబడ్డ విదోసావా ఒక ఉండ నోట్లో వేసుకుంది. అక్కడ పెళ్లి సాక్షి వరస రక్తసంబంధం కంటే ఎక్కువ. పైగా ఉపవాసం విషయంలో విదోసావా నిప్పులాంటి మనిషి. ఆమె దవడ కదలడం ఆగిపోయింది.

అందరి నోళ్లూ గమనిస్తున్న దెసాంకా అది చూసింది. తనూ ఒకటి కొరికింది. వెన్న. ఫ్రిజ్‌లో పక్కపక్కనే ఉన్న రెండు వెండి రేకు పొట్లాల్లో ఏది తీసిందో ఇప్పుడు తెలిసింది. అప్పటికే సగం పళ్లెం ఖాళీ. తిన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

కోడలు సాన్యా ముందుకు వచ్చింది. "తప్పు నాదే పెద్దమ్మా. ఉండలు నేను కలిపాను. అత్తయ్య చూసుకోలేదు."

అబద్ధం. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ గిన్నె మీద సాన్యా చేయి పడనివ్వలేదు దెసాంకా. ఇప్పుడు కాసేపు నోరు మూసుకుంటే చాలు, పరువూ దక్కుతుంది, వంటిల్లూ దక్కుతుంది. నాలుగు రోజులు కోడలిని ఆడిపోసుకుని వీధి ఊరుకుంటుంది. నిజం చెప్పాలంటే దెసాంకాకు ఆశ పుట్టింది. కానీ తలవంచుకుని నిలబడ్డ ఆ పిల్లను చూస్తే సిగ్గేసింది.

"దానికి ఉండ చుట్టడమే రాదు," అంది. "నేనే రానివ్వలేదు. చేసింది నేను. మరిచిపోయాను."

కొడుకు దగ్గర కూడా ఒప్పుకోని మాట అది. విదోసావా నోట్లోది నెమ్మదిగా మింగింది.

"మింగేశాను దెసాంకా. ఫాదర్‌తో నేను చెప్పుకుంటాలే."

ఆ పండుగ రోజు అతిథులు ఉన్నంతసేపు ఇంటివాళ్లు కూర్చోరు. కూర్చుంటే ఆ ఇంటి పెత్తనం వదులుకున్నట్టే. అందుకే దెసాంకా విదోసావా పక్కనున్న కుర్చీ లాక్కుంటుంటే అందరూ తలలు తిప్పి చూశారు. ఆమె అతిథుల మధ్య కూర్చుంది.

"రేపు పొద్దున్నే వంటింట్లోకి రా సాన్యా, నేర్పుతాను. నేను పూర్తిగా మరిచిపోకముందే నేర్చుకో."

సాన్యా కళ్లు తుడుచుకుని, అత్తగారికి అతిథికి పోసినట్టే కాఫీ పోసింది. చివరి మనిషి వెళ్లేదాకా నిలబడే ఉంది.