మైదా కుడిచెయ్యి

గోడలు రెండు రకాలు. ఇంటిని నిలబెట్టేవి కొన్ని, మనుషుల్ని పడగొట్టేవి కొన్ని. మైదా బతుకంతా ఈ రెండో రకం గోడల దగ్గరే గడిచింది.

కన్నవాళ్ళు అతనికి ఏదో ఓ పేరు పెట్టే ఉంటారు. దాన్ని వాడినవాళ్ళు లేరు. బకెట్టెడు మైదాపిండి ఉడకబెట్టి, ఆ జిగురును వెడల్పాటి కుంచెతో గోడకు పులిమి, పైన పోస్టర్లు అంటించడం అతని వృత్తి గనక ఊరంతా మైదా అనే పిలిచేది. కోపమొస్తే పెళ్ళామూ అదే పిలుపు పిలిచేది. కోపం రాని రోజున ఏమని పిలుస్తుందో తెలుసుకునే అవకాశం అతనికి పెద్దగా దొరకలేదు.

పోస్టర్లు అంటించడమంటే చూసేవాళ్ళకు కాగితమూ జిగురూనే. లోపలివాళ్ళకు అది రాజ్యపాలన. ప్రతి గోడా ఏదో ఒక ముఠాది. ఎవరు రాసిచ్చారని అడిగినవాడికి పళ్ళు రాలతాయి. ఒకరి గోడ మీద ఇంకొకరు అంటిస్తే ముందు కాగితం చిరుగుతుంది, తరవాత అంటించినవాడు చిరుగుతాడు. ఈ రాజ్యంలో మైదా ఓ మోస్తరు సేనాపతి. తమ గోడ మీద దొరికిన శత్రువును ఒకసారి తల పట్టుకుని బకెట్లో ముంచి, పైకి తీసి, గోడకు ఆనించి, మీద సబ్బు పోస్టర్ అంటించి వచ్చాడు. ఆ పోస్టర్ చాలాకాలం ఊడలేదని ముఠా మేస్త్రీ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు. మనిషిని మాత్రం వెంటనే ఊడదీశారట.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉండనే ఉంటాడు. అవతలి ముఠాలో ఉన్నవాణ్ణి గీకుడు అనేవారు. పొడుగాటి వెదురుగడ చివర ఇనప రేకు కట్టుకుని, ఎంత ఎత్తునున్న పోస్టరైనా గీకి పారేసేవాడు. కాగితాన్నీ మనిషి తోలునూ అదే శ్రద్ధతో గీకేవాడు. ఆ విషయంలో అతనికి వివక్ష లేదు.

ఓ తెల్లవారుజామున బస్సులు ఆగే చోటు వెనక గోడ దగ్గర మైదా నిచ్చెన మీదుండగా గీకుడు నిచ్చెన లాగేశాడు. మైదా కింద పడ్డాడు. మీద బకెట్ పడింది. కళ్ళలోని జిగురు తుడుచుకునే లోపల ఎవరో అతని కుడిచేతిని నేలకు అదిమిపెట్టారు. నిచ్చెన కాలును దానిమీదికి తెచ్చి, గీకుడు పై మెట్టు పట్టుకుని తన బరువంతా వేసి వేలాడాడు. ఎండుకట్టెలు విరిచినట్టు చప్పుడైంది. మైదాకు నొప్పి తరవాత వచ్చింది, ముందు ఆశ్చర్యం వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు అతను అవతలివైపు నుంచే విన్నాడు మరి.

ఆసుపత్రిలో చేతిలోకి కడ్డీలు దింపి కుట్టేశారు. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి, "ఈ చేత్తో ఇంకొకణ్ణి కొడితే వాడికేమవుతుందో నేను చెప్పలేను గానీ, నీ చెయ్యి మాత్రం చచ్చిపోతుంది. తరవాత చెంచా కూడా పట్టుకోలేవు," అన్నాడు.

మైదా పెళ్ళాం ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా నిప్పులాంటి పెట్టె ఎత్తి దించే చేతులు ఆమెవి. మంచం పక్కన నిలబడి తీర్పు చెప్పింది.

"కట్టు విప్పగానే మా చెల్లెలి దగ్గర కూర్చుని కంప్యూటర్‌లో డిజైన్ పని నేర్చుకుంటావు. మళ్ళీ గోడ దగ్గర దెబ్బలాటకు పోయి ఈ కుడిచెయ్యి పోగొట్టుకొచ్చావా, ఆ ఎడమది నేనే విరుస్తా. రెండూ సమానంగా ఉంటాయి."

"నాకు కంప్యూటరేంటే! నా వయసెంత?"

"నిచ్చెన మీంచి పడే వయసేగా? కుర్చీ మీంచి పడితే తక్కువ తగుల్తుంది."

చెల్లెలంటే మైదాకు మరదలు. ప్రింటింగ్ ప్రెస్సుకు ఆనుకున్న ఇరుకు గదిలో కార్డులు, కరపత్రాలు, పోస్టర్లు డిజైన్ చేసి ఇస్తుంది. గదిలో రెండు కుర్చీలు, రెండు స్క్రీన్లు, గోడకు ఓ ఫ్యాను. ఆ ఫ్యాను ఎవరి వైపు తిరగాలో మాత్రం ఎన్నడూ తేలలేదు. అక్క మాట తీసెయ్యలేక బావను రెండో కుర్చీలో కూర్చోబెట్టింది గానీ, మొదటిరోజే హద్దు గీసింది.

"చూడు బావా, ఈ కుర్చీ ఖాళీగా ఉంచలేను. పెళ్ళిళ్ళ సీజన్ మొదలయ్యేలోపు ఒక్క పోస్టర్, నేను చెయ్యి పెట్టకుండా నువ్వే చెయ్యాలి. కస్టమరు ఒప్పుకోవాలి. అయితే కుర్చీ నీది. లేదంటే పని తెలిసిన ఇంకొకర్ని చూసుకుంటా. అప్పుడు నువ్వూ నీ గోడలూ."

మైదా మౌస్‌ను కుంచె పట్టినట్టు పట్టాడు. నొక్కినప్పుడల్లా కడ్డీలు మణికట్టులోంచి భుజం దాకా సలిపేవి. బాణం గుర్తు స్క్రీన్ మీద దెబ్బతిన్న ఈగలా కొట్టుకునేది. గుండ్రం గీస్తే వంకాయ వచ్చేది. గీత గీస్తే భూకంపం వచ్చేది. వారం తిరక్కుండానే మౌస్‌ను బల్లకేసి కొట్టి, తిరిగి అతికించి, మరదలు చూడకముందే సర్దేసే విద్యలో మాత్రం ఆరితేరాడు.

ఉత్సాహం రావాలని మరదలు ఫోన్‌లో ఓ వీడియో పెట్టింది. తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన నవ్వుతూ, "రోజూ కొంచెం నేర్చుకోండి. మీ ప్రయాణాన్ని ప్రేమించండి. తప్పులే మీ గురువులు," అన్నాడు.

"వీణ్ణెవరూ ఎప్పుడూ సరిగా కొట్టలేదనుకుంటా," అన్నాడు మైదా.

అయితే ఉత్సాహమన్నది తెల్లచొక్కాల సొత్తేం కాదు. మైదాకది వేరే దారిన వచ్చింది. ఎవరి పెళ్ళిలోనో గీకుడు నవ్వుతూ దిగిన ఫొటో పాత స్నేహితుడి ఫోన్‌లో దొరికింది. దాన్ని స్క్రీన్ మీదికి తెచ్చి, పెన్ టూల్‌తో ఆ మొహం చుట్టూ చుక్క చుక్క పెట్టి గీత తిప్పడం మొదలుపెట్టాడు. దవడ ఎముక పూర్తయ్యాక ఒక చుక్క పట్టుకుని లాగాడు. దవడ పక్కకు జరిగింది. మైదా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చేతిలో సలుపు ఉందో లేదో ఆ క్షణాన అతనికి తెలీదు.

ఆరోజు మొదలు అతని చదువు పరుగెత్తింది. ముక్కు ఒక లేయర్, కళ్ళు ఒక లేయర్, పళ్ళు ఒక లేయర్. విడివిడిగా ఉంటే విడివిడిగా పీకొచ్చని అర్థమైంది. రంగుల పాఠం కమిలిన గాయాల మీద నేర్చాడు. కొత్త దెబ్బ ఎరుపు, మర్నాటికి ఊదా, మూడోనాటికి అంచుల్లో పసుపు. నీడలు వెయ్యడం లొట్టపోయిన కంటి కింద నేర్చాడు. మరదలు టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడి చూసింది.

"బావా, నిన్న ఈ ముక్కు ఇటు కదా విరిగింది?"

"నిన్న ఎడమచేత్తో కొట్టా. ఇవాళ కుడి."

"అంటే నీ చెయ్యి బాగుపడుతోందన్నమాట."

ఒకనాడు పొరపాటున ఏదో మీట నొక్కాడు. పగిలిన దవడ టక్కున అతుక్కుంది. మైదా ఒక్క అరుపు అరిచాడు. "ఇదేంటమ్మాయ్! ఇంతసేపూ కొట్టినవాడు మళ్ళీ లేచి కూర్చున్నాడు!"

"అది అన్‌డూ. చేసిన పని వెనక్కి తీసుకోవచ్చు."

కొట్టిన దెబ్బ వెనక్కి తీసుకోవడమనే ఆలోచన మైదా వృత్తిలో ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. కాసేపు గంభీరంగా ఆలోచించి, దాని తత్వం పట్టేశాడు. "ఓహో. అయితే మళ్ళీ మొదట్నించీ కొట్టొచ్చు."

గీత కుదిరింది గానీ అసలు చిక్కు వేరేచోట ఉంది. ఓ దర్జీ కార్డు చేసిమ్మంటే మైదా పేరూ నంబరూ అడ్రసూ అన్నీ పైఅంచుకు ఇరికించి, కింది సగం తెల్లగా వదిలేశాడు. కరపత్రమూ అంతే. ఏది చేసినా అక్షరాలన్నీ వరదొచ్చినప్పుడు ఇంటికప్పు ఎక్కిన జనంలా పైన గుమిగూడేవి.

"కింది సగం ఎవరికొదిలావు బావా?"

"చింపేవాడికి."

"ఏంటీ?"

"గోడ మీద కింద ఉన్నది ఏదీ నిలవదమ్మాయ్. చెయ్యి అందినమేర చించుతారు. అందుకే సరుకంతా పైనుండాలి."

"ఇది జేబులో పెట్టుకునే కార్డు! దీన్ని చించడానికి నిచ్చెనేసుకొస్తారా?"

మైదా ఒప్పుకున్నాడు గానీ చెయ్యి ఒప్పుకోలేదు. మళ్ళీ మళ్ళీ పైకే పోయేది. మరదలు స్కేలు తీసుకుని, అక్షరాలు పైకి పాకినప్పుడల్లా అతని ఎడమచేతి మణికట్టు మీద వేసేది. కుడిచెయ్యి జోలికి పోకపోవడం ఆమె పెద్దరికం.

సీజన్ దగ్గరపడుతుండగా కుస్తీ నేర్పే వస్తాదు వచ్చాడు. ఇద్దరు మల్లుల పోటీ పెడుతున్నాడు, పోస్టర్ కావాలి. మరదలు తన కుర్చీ వెనక్కి జరుపుకుని, "ఇదిగో, ఇదే నీ పోస్టర్," అంది బావతో.

అదేరోజు పాత మేస్త్రీ కూడా గుమ్మంలో తేలాడు.

"ఒరేయ్ మైదా, గీకుడుగాడు మన బస్సుల గోడంతా మింగేశాడ్రా. నిన్న మనవాడి చెవి తెంపాడు. నువ్వొచ్చి ముందు నిలబడితే చాలు."

"పనుంది మేస్త్రీ."

"ఏం పని? బొమ్మలేసుకోవడమా? నీ చెయ్యి విరిచినవాడు రోడ్డు మీద ఈల వేసుకుంటూ తిరుగుతుంటే?"

మైదా మెడలో నరం ఉబ్బింది. కుర్చీ కోళ్ళు కిర్రుమన్నాయి. మరదలు స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. మైదా మౌస్ అందుకుని, "మల్లుడి భుజం కుదరట్లేదు. అది అయ్యాక చూద్దాం," అన్నాడు. మేస్త్రీ గుమ్మం మీద ఉమ్మేసి పోయాడు.

పోస్టర్ అయింది. ఇద్దరు మల్లులు కిందంచున కాళ్ళు తన్నిపెట్టి, పైదాకా పెనవేసుకుని ఉన్నారు. ఒకడి పిక్కలో కండ, ఇంకొకడి నుదుటి మీంచి కారే నెత్తురు, ఇద్దరి గుప్పిళ్ళూ చూసేవాడి మీదికి దూకుతున్నట్టున్నాయి. చింపేవాడి ఊసే మరిచిపోయి మైదా చేసిన మొదటి పని అది. వస్తాదు చాలాసేపు చూసి, "ఈ దెబ్బ తిన్నవాడు గీసినట్టుంది," అన్నాడు. దాన్ని ఒప్పుకోలుగా లెక్కేశారు.

కుర్చీ ఖాయమైంది. అక్కడితో ఆగితే మైదా మైదా కాడు. అచ్చయ్యాక మేస్త్రీ మనుషులు అంటించిన పోస్టర్ గోడ మీద ఎలా ఉందో ఒక్కసారి చూసొద్దామని సాయంత్రం బస్సుల గోడ వైపు నడిచాడు. చూడ్డానికేనని తనకు తానే గట్టిగా చెప్పుకున్నాడు.

అక్కడ గీకుడు పనిలో ఉన్నాడు. కింద నుంచి మొదలెట్టాడు. మల్లుల పాదాలు పోయాయి, పిక్కలు పోయాయి. రేకు మోకాళ్ళ మీద బరబరా గీకుతోంది. ఆ మోకాలిచిప్ప కోసం మైదా ఒక రోజంతా కూర్చున్నాడు.

తరవాత ఏం జరిగిందో మైదా సరిగ్గా చెప్పలేడు. ముందుగా ఏం చేశాడో మాత్రం గోడ దగ్గరున్నవాళ్ళంతా చూశారు. కుడిచేతిని చొక్కా లోపలికి దోపి గుండీలు పెట్టుకున్నాడు. పెట్టుకుని, ఎడమచేత్తో గీకుడి గడ లాగి, దాంతోనే అతని నోటిమీద ఒకటిచ్చాడు.

గీకుడు నెత్తురు ఉమ్మి వెనక్కి గెంతాడు. చుట్టూ ఉన్న అతని మనుషులు ముగ్గురూ ఆ చొక్కాలోని చేతినే చూస్తున్నారు.

"కత్తి తెచ్చావురా మైదా?"

మైదా గీకుడి మీదికి దూకాడు. కడుపులో మోకాలితో పొడిచాడు. చెవి కొరికాడు. గడ విరిగేదాకా వీపు మీద బాదాడు. కత్తి ఇప్పుడు బయటికొస్తుంది, అప్పుడొస్తుంది అని ఆ ముగ్గురూ అడుగు ముందుకెయ్యలేదు. గీకుడి మొహం మీద ఇన్ని రంగులు పుట్టించొచ్చని అక్కడున్నవారెవరూ ఎరగరు. మైదా ఎరుగును.

అయితే ఒంటిచేత్తో ఎంతసేపు? గీకుడు కాళ్ళు పట్టి లాగితే మైదా బోర్లా పడ్డాడు. చొక్కా చిరిగింది. లోపల కత్తి లేదు. గుండెకు హత్తుకున్న ఖాళీ చెయ్యి ఉంది.

"ఏముందిరా అందులో? ఎందుకు దాచావు?"

"పనుంది దానికి."

ఆ మాట వాళ్ళకు అర్థం కాలేదు. నలుగురూ కలిసి తన్నారు. పక్కటెముకల్లో, నడుములో, నోట్లో. మైదా ముడుచుకుని, కుడిచేతిని కడుపు కింద పెట్టుకుని, దానిమీద ఒళ్ళంతా కప్పుకున్నాడు. వీపు ఇచ్చాడు, తల ఇచ్చాడు, ముందు పళ్ళు ఇచ్చాడు. లాగడానికి చూసినవాడి చేతిని మిగిలిన పళ్ళతో కొరికాడు. దెబ్బలన్నీ మధ్యలో ఉన్నవాడికి పడ్డాయి. అలసిపోయి వాళ్ళే వెళ్ళిపోయారు.

ఇంటికి దేక్కుంటూ వచ్చేసరికి పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఉంది. మూసుకుపోయిన కన్నూ చీలిన పెదవీ చూసింది గానీ వాటి గురించి అడగలేదు.

"ఆ చెయ్యి చూపించు."

చూపించాడు. ఆమె ఒక్కో వేలూ మడిచి, విప్పి, మణికట్టు తిప్పి చూసింది.

"దీన్ని ముట్టుకోలేదా వాళ్ళు?"

"ముట్టుకోనిస్తానా?"

ఆమె చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. "చూడ్డానికెళ్ళానని చెప్తావు, అంతేగా? లోపలికి రా, నీళ్ళు కాచాను," అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్నే మైదా కుర్చీలో ఉన్నాడు. కూర్చోవడానికి గోడా బల్లా రెండూ పట్టుకోవలసొచ్చింది. మరదలు అతన్ని చూసి ఫ్యాను అతని వైపు తిప్పింది. ఆ గదిలో అలాంటిది అంతకుముందు జరగలేదు.

"వస్తాదు పోస్టర్ మళ్ళీ అచ్చు వేయించమన్నాడు బావా. పోటీలో ఒకడు మారాడట, మొహం మార్చాలి. ఇవాళ నువ్వు చెయ్యగలవా, నన్ను చెయ్యమంటావా?"

"నేనే చేస్తా."

మాట్లాడితే పెదవి మళ్ళీ చీలింది. మీటల మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. మరదలు గుడ్డ విసిరింది. మైదా ఎడమచేత్తో దాన్ని మూతికి అదిమిపెట్టుకుని, కుడిచేత్తో కొత్తమల్లుడి దవడ చుట్టూ చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు.