మొదటి ఉపన్యాసం నుంచి మేమెందుకు లేచి వచ్చామంటే

మొన్న నల్లగొండలో వైద్య పరిశోధన ఉపన్యాసాల వార్షికోత్సవమంటే, ఈ వయసులోనూ ఓపిక చేసుకుని వెళ్లాను. వేదిక మీద ఒక పెద్దమనిషి ఆ ఉపన్యాసాల చరిత్ర చెబుతూ, అరవయ్యో దశకం మొదట్లో మా ఊళ్లో పెట్టిన మొట్టమొదటి ఉపన్యాసం నుంచి పల్లెజనం సైన్సంటే బెదిరి మధ్యలోనే లేచి వెళ్లారని సరదాగా సెలవిచ్చాడు. హాలంతా నవ్వింది. నేను లేచి నిలబడితే, సమయం లేదని మైకు ఇవ్వలేదు. అంతటితో ఊరుకునే మనిషిని కాను. ఆ రోజులు ఎరిగిన నా ఈడువాళ్లు మీరైనా వినండి.

మా ఊరి మంచినీళ్ల బావి లోతైనది, నీళ్లు అద్దంలా ఉండేవి. కరువులో కూడా ఎండదని దాని గురించి మా వాళ్లు పొరుగూళ్లలో గొప్పలు పోయేవారు. వాగు ఇసుకలో చెలిమ తవ్వుకుని తాగడం గతిలేని వాళ్ల పని అనుకునేవాళ్లం. నడివయసు దాటేసరికి మనుషుల నడుములు వంగేవి, కొందరు పిల్లల కాళ్లు వంకర తిరిగేవి. దానికీ బావికీ లంకె ఉందని ఎవరూ మాకు చెప్పలేదు. ఆ మొదటి ఉపన్యాసానికి ముందటి ఏడాది పట్నం నుంచి పరిశోధకులు వచ్చి మా నీళ్లు, మా నెత్తురు సీసాల్లో పట్టుకుపోయారు. ఏం తేలిందో చెప్పడానికే ఆ ఉపన్యాసం. మా అందరిలో చిన్నది, చెల్లె, అప్పుడప్పుడే అడుగులు వేస్తోంది. దాని కాళ్లు చూసి అమ్మకు దిగులు పట్టుకుంది కనుక, మా ఇంటిల్లిపాదీ అందరికన్నా ముందు వెళ్లి బడి ఆవరణలో కూర్చున్నాం. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన బడిపంతులును, బల్లలు వేయించింది నేనే.

ఉపన్యాసం చెప్పే డాక్టరు గారు జీపు దిగగానే అవ్వ రాగిచెంబుతో నీళ్లు తెచ్చింది. మా వైపు పగవాడు వచ్చినా ముందు నీళ్లిస్తారు, పగవాడైనా ఆ నీళ్లు తాగుతాడు. ఈయన చెయ్యి వెనక్కి తీసుకుని, దాహం లేదన్నాడు. ఎండాకాలం, చొక్కా చెమటకు తడిసిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. గోడ వారకు పోయి సంచిలోంచి తన సీసా తీసి గటగటా తాగుతుంటే ఊరంతా చూసింది.

“మన చెంబుల తేలు కనవడ్డదా ఏంది సారుకు!” అన్నాడు పెదనాయిన.

“మన నీళ్లు ముట్టనోని మాటలు మనకెందుకు? లేవుండ్రి,” అన్నాడు బాపు.

అధ్యక్షుల పలుకులు సాగుతుండగానే ఊరు లేచింది. ఏ నీళ్లు తాగకూడదో చెప్పే ముక్క డాక్టరు తన ఉపన్యాసం చివరికి దాచుకున్నాడు. మా వాళ్లు రోషం కొద్దీ ఆ బావి నీళ్లే ఏడాది పొడుగునా తాగారు. చెల్లె కూడా తాగింది.

మరుసటి ఏడు ఆ డాక్టరే నల్లగొండలో మాట్లాడతాడని తెలిసి బాపు వెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. ఆయన మొదలుపెట్టకముందే బాపు నిలబడ్డాడు.

“సారూ, మా అవ్వ ఇచ్చిన నీళ్లెందుకు ముట్టలే? మేం మనుషులం కామా?”

డాక్టరు తెల్లబోయాడు. “ఆ నీళ్లలోనే ఉందండీ జబ్బు. ఎముకల్ని వంచే ఫ్లోరైడు. చెలిమ నీళ్లు తాగమని చెప్పడానికే వచ్చాను.”

“గా ముక్క చెంబు ఇచ్చినప్పుడే చెప్పకపోతివి? నా బిడ్డ ఏడాది తాగె గదనయ్యా!”

ఆయన తల దించుకున్నాడు. ముందు ఏం చేయాలో చెప్పి, ఎందుకో తర్వాత చెప్పమని బాపు పట్టుబట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రతి ఉపన్యాసమూ అలాగే మొదలైంది. ఆ పద్ధతి పెట్టించిన మనిషి ఊసు ఏ వక్తా ఎత్తలేదు, మొన్నటితో సహా.

అప్పట్లో డాక్టర్లు మేం కూర్చున్న నేల మీదే నిలబడి మాట్లాడేవారు, అడిగితే జవాబు చెప్పేవారు. ఇప్పుడు హాలు చల్లగా ఉంది, తెర మీద మా ఎముకలు రంగుల్లో కనబడతాయి, కానీ అది రెండో అంతస్తులో ఉంది. మొన్న చెల్లెను ఆటోలో తీసుకెళ్లాను. వంగిన కాళ్లతో అది ఆ మెట్లెక్కలేక, సభ ముగిసేదాకా కింద కాపలావాడి కుర్చీలో కూర్చుంది. నేను దిగి రాగానే ఆత్రంగా అడిగింది.

“అన్నా, పైన అందరు గంత నవ్విండ్రు, ఏం చెప్పిండ్రే?”

దాని చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను.