రెండుసార్లు అడగాల్సిన ప్రశ్నలు

మా ఆవిడ ఓ ఆదివారం ఉదయం పోయింది. సాల్మియాలో మా ఫ్లాటు గుమ్మం దగ్గర, శుక్ర, శనివారాల సెలవు అయ్యాక స్కూలుకు బయలుదేరుతూ, ఒక కాలికి చెప్పు తొడుక్కుని గోడకు ఆనుకుంది. "ఒక్క నిమిషం ఉండండి" అంది. అంతే. మెదడులో రక్తనాళం చిట్లిందని ఆసుపత్రిలో చెప్పారు. మీలో చాలామందికి అప్పుడే తెలిసింది. తెలియనివారికి ఇప్పుడు చెబుతున్నాను.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మన కువైట్ తెలుగు సంఘం పత్రికవారు అడిగారు. మంచి మనిషి, నెమ్మదస్తురాలు అని రాస్తే ఆమెకు నచ్చదు. అందుకని ఆమె చేస్తూ వదిలేసిన పని గురించి రాస్తాను. దాన్ని తలచుకుంటే నాకు ఏడుపు కన్నా విసుగే ముందొస్తోంది.

ఆమె ఇక్కడ ఒక భారతీయ స్కూల్లో కౌన్సెలర్. తరగతిలో కునికిపాట్లు పడే పిల్లల్ని టీచర్లు ఆమె దగ్గరికి పంపేవారు. టీనేజి పిల్లల నిద్ర గురించి ఇంగ్లీషులో ఒక ప్రశ్నావళి ఉంది. దాన్ని తెలుగు చేసి, తెలుగులోనూ అది సరిగ్గానే కొలుస్తుందని నిరూపించడం ఆమె పరిశోధన. "ఈ పిల్లలకు ఇంగ్లీషే బాగా వచ్చు కదా, తెలుగెందుకు?" అన్నాను ఒకసారి. "అమ్మతో ఏ భాషలో పోట్లాడతారో ఆ భాషలోనే నిజం చెబుతారండీ" అంది.

ముందు తెలుగు చేసింది. ఇంగ్లీషు ప్రతి చూడని మరొకరి చేత దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్పించింది, అర్థం ఎక్కడ జారిందో తెలియడానికి. అబూ హలీఫాలో ఉండే ఒక నర్సుకు ప్రతి వాక్యం చదివి వినిపించేది. ఆవిడది గోదావరి జిల్లా. "ఇలాగెవరు మాట్లాడతారక్కా, వార్తలు చదివినట్టుంది" అనేది ఆవిడ. మా ఆవిడ కొట్టేసి మళ్లీ రాసేది.

"మీ పడకగది నిశ్శబ్దంగా ఉంటుందా?" అనే ప్రశ్న దగ్గర ఒక అమ్మాయి పెన్ను కింద పెట్టిందట. "ఆంటీ, నేను హాల్లో సోఫా మీద పడుకుంటా. ఇది నాకు కాదా?" అని అడిగిందట. మా ఆవిడ ఇంటికొచ్చి "మీరు పడుకునే చోటు" అని మార్చింది. ఆ ఒక్క మార్పు కోసం మరికొందరు పిల్లల దగ్గరికి మళ్లీ వెళ్లింది. ఇంత అవసరమా అని నాకనిపించేది. పైకి అనేవాణ్ణి కూడా.

ఆమెకు ఒక నియమం ఉండేది. ప్రశ్నను వివరించకూడదు. పిల్లలు చదవలేకపోతే చదివి వినిపించాలి, అంతవరకే. అర్థం కాలేదంటే, "నీ తప్పు కాదు నాన్నా, నాది" అని నోటుబుక్కులో రాసుకునేది. ఇంట్లోనూ వివరించే అలవాటు లేదు. ఎందుకు కోపమొచ్చిందో నేనే కనుక్కోవాలి.

ఒకసారి కోపం ఎందుకో అడగనక్కర్లేకపోయింది. నేను ఇంజనీరును. పని తొందరగా తెమలాలనుకుంటాను. ఆమెకు పిల్లలు దొరకడం లేదని, ఆ ఫారాన్ని ఫోటో తీసి మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను. శుక్రవారం తెలుగు తరగతికి నలభైమంది దాకా వచ్చారు. అందరూ తొమ్మిదిన్నరకే పడుకుంటున్నారు. అందరూ ఐదున్నరకే లేస్తున్నారు. పక్క మీద ఎవరూ ఫోను ముట్టుకోవడం లేదు. ఒక తల్లి గుమ్మంలో నిలబడి, "మేడమ్, మావాడికి ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగింది. సరైన జవాబులు ఫలానా అని గ్రూపులో ఎవరో పెట్టారని తర్వాత తెలిసింది.

మా ఆవిడ ఆ ఫారాలన్నీ పక్కన పడేసింది. "ముందే చూసిన పిల్లలు ఇక పనికిరారు. కొత్తవాళ్లు కావాలి" అంది.

"సాయం చేద్దామనే కదా పెట్టాను."

"అందుకే ఏమీ అనలేకపోతున్నానండీ."

కొత్త పిల్లలు దొరకాలి. మధ్యలో రంజాన్, పరీక్షలు, సెలవులు. ఎనిమిది నెలలు పోయాయి. క్షమించమని నేను అడగలేదు. అడగాల్సినంత పెద్ద విషయమని అప్పుడనిపించలేదు.

చివరికి రిగ్గై, అబూ హలీఫా వైపు నుంచి, మన గ్రూపులో లేని కుటుంబాల పిల్లలు దొరికారు. నర్సు వాళ్ల ప్రార్థన కూడిక జరిగే హాలు ఇచ్చారు. ముందు ఆరు శుక్రవారాలు మా ఆవిడ ఊరికే వెళ్లి వాళ్లతో కబుర్లు చెప్పింది. ఏడో శుక్రవారం ఫారాలు ఇచ్చింది. ఆ రోజు ఇంట్లోకి వస్తూనే, "ఈసారి ఒక్కడూ తొమ్మిదిన్నరకు పడుకోవడం లేదండీ" అంది. ఆమె అంత సంతోషంగా ఉండగా చూసి చాలా రోజులైంది.

అవే ప్రశ్నలు ఆ పిల్లల్నే పద్నాలుగో రోజున మళ్లీ అడగాలి. రెండుసార్లూ జవాబులు దాదాపు ఒకేలా వస్తేనే ప్రశ్నావళి నమ్మదగినదని లెక్క. తొమ్మిదో రోజున ఆమె పోయింది.

ఆమెను విజయవాడ తీసుకెళ్లడానికి కాగితాల కోసం తిరిగాను. ఇఖామా అనే నివాస అనుమతి కార్డు, పాస్‌పోర్టు, ముద్ర మీద ముద్ర. చివరి కిటికీలో ఉన్నాయన కాగితం ఇటు తోసి "ఖలాస్" అన్నాడు, అయిపోయిందని. గురువారం విమానం. శుక్రవారం దహనం. ప్రశ్నావళి సంగతి నాకు గుర్తు కూడా రాలేదు.

నేను కువైట్ తిరిగొచ్చాక నర్సు ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"రెండో విడతండి. ఆ శుక్రవారమే చేసేశాను. పద్నాలుగో రోజు దాటకూడదని అక్క అంటా ఉండేది కదండీ."

"ఆ రోజా? నిన్నెవరు చేయమన్నారు?"

"ఎవరూ అనలేదండి." కవరు నా వైపు జరిపింది. "ఒక్క ప్రశ్న కూడా వివరించలేదు అన్నయ్యగారూ. పిల్లలు ఏడుస్తున్నారు. అయినా చదివి వినిపించానంతే."

ఆవిడ ముందు నేను చిన్నబోయాను.

ఫారాలను ఇండియాలోని ఆమె గైడుకు స్కాన్ చేసి పంపాను. వారం తర్వాత ఆయన ఫోన్ చేశారు. రెండు విడతల జవాబులు కలవడం లేదట. మొదటిసారి బాగా నిద్రపోయిన పిల్లలు రెండోసారి పోలేదు.

"గత వారంలో ఎలా నిద్రపోయారనేది కదా ప్రశ్న. ఆ వారంలోనే ఆమె పోయింది సార్" అన్నాను.

"తెలుసండీ. కానీ రెండు విడతల మధ్య పిల్లల జీవితంలో ఏమీ జరగకూడదు. అదీ షరతు."

"జరిగిందని ఫారాలే చెబుతున్నాయి కదా. అంటే పనిచేస్తున్నట్టే కదా?"

"పనిచేస్తుందేమో. నిరూపించినట్టు మాత్రం కాదు."

ఆయన మాటలో తప్పు లేదు. మా ఆవిడ ఉంటే ఆమే ముందుగా ఆ మాట అనేది. ఎవరి మీద విసుక్కోవాలో నాకు తెలియడం లేదు. ఆ ఎనిమిది నెలలూ నేను పోగొట్టకపోతే రెండు విడతలూ ఆమె చేతుల మీదే పూర్తయ్యేవి.

మళ్లీ కొత్త పిల్లలతో చేయడానికి గైడు ఒప్పుకున్నారు. వచ్చే నెల నుంచి నర్సూ నేనూ అదే హాల్లో కూర్చుంటాం. ఆ ఫారం చూడని పిల్లలుంటే పంపండి. మీరు మాత్రం బయటే ఉండండి. మార్కులు లేవు. సరైన జవాబులు లేవు. ఏ ప్రశ్నకు అర్థమేమిటని అడిగినా నేను చెప్పను.

నిన్న పాత ఫారాలు కట్టలు కడుతూ, ఒకే అమ్మాయి రెండుసార్లు నింపినవాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి వంటింటి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. బయట దుమ్ము. ఎండ మసకగా ఉంది. రెండో విడత టిక్కులు దాదాపు ప్రతి వరుసలోనూ పక్క గడిలోకి జరిగాయి. ఒక్క ప్రశ్న దగ్గర జరగలేదు. "మీరు ఎలా నిద్రపోయారని ఇంట్లో ఎవరైనా అడుగుతారా?" "లేదు" అన్న గడిలో రెండు టిక్కులూ ఒకదాని మీద ఒకటి పడి, ముదురుగా, ఒక్కటిగా కనిపించాయి.