రేణుక వాళ్ల మేడం, మా అమ్మ

అమ్మ పోయిందన్న కబురు నాకంటే ముందు ఆమె దగ్గర చదువుకున్న పిల్లలకు తెలిసింది. ఆ ఉదయం ఇబ్రహీంపట్నం దవాఖానలో డ్యూటీలో ఉన్న డాక్టరు కూడా ఆమె విద్యార్థినే. గచ్చిబౌలిలోని ఆఫీసు నుంచి నేను వచ్చేసరికి దవాఖాన వరండా నిండా ఏడుస్తున్న ఆడపిల్లలు. వాళ్లను తప్పించుకుంటూ నా తల్లి దగ్గరికి నేను వెళ్లవలసి వచ్చింది. అంత దుఃఖంలోనూ నాకు కుళ్లు పుట్టింది.

ఆ కుళ్లు పాతదే. దానికి ఒక పేరు కూడా ఉంది: రేణుక.

అమ్మ బాలికల హైస్కూల్లో సైన్సు చెప్పేది. ఊరి చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. ఏ ఇంట్లో విన్నా సాఫ్ట్‌వేర్ మాటే. "అందరు కంప్యూటర్లకే పోతే ఓడలెవరు నడుపుతరే?" అని అమ్మ క్లాసులో అంటే పిల్లలు నవ్వేవాళ్లు. రావిర్యాల నుంచి బస్సులో వచ్చే రేణుక మాత్రం "ఓడ ఇంజను ఎంత పెద్దగుంటది మేడం?" అని అడిగిందట. అన్నం వడ్డిస్తూ అమ్మ ఆ ప్రశ్ననే తలుచుకుని మురిసింది. లెక్కల్లో నేనే ఫస్టని చెప్పడానికి ఆ రోజు నాకు సందు దొరకలేదు.

ఇక ప్రతి ఆదివారం రేణుక మా ఇంట్లోనే. మా పాత ఫ్యాన్ విప్పి, ముక్కలన్నీ నేలమీద పరిచి, ఇద్దరూ అన్నం మరిచిపోయేవాళ్లు.

ఇంటర్ అయ్యాక మెరైన్ ఇంజనీరింగ్ మాట ఎత్తగానే రేణుక వాళ్ల నాన్న మా ఇంటికొచ్చాడు.

"ఇంటి పక్కనే ఇన్ని కాలేజీలుండంగ ఆడపిల్లను సముద్రం మీదికి తోలుమంటరా మేడం?"

"మీ బోరు మోటరు ఆగితే ఎవరు విప్పి చూస్తరు?" అంది అమ్మ.

"గీ పిల్లనే."

"ఓడల గదే పని. ఇంజను జర పెద్దగుంటది, అంతే."

"కాలేజీ దాక తోడెవరు పోతరు?" అన్నాడు ఆయన చివరికి.

"నేను పోత."

ఓడెక్కే పిల్లకు ఈత రావాలని, అమ్మ మా మేనమామ బావిలో నేర్పించింది. నడుముకు తాడు కట్టి మామ రేణుకను దింపితే, రెండో కొస అమ్మ పట్టుకుంది. నాదీ రేణుకదీ ఒకటే ఈడు. "నేను గూడ దిగుత అమ్మా" అన్నాను.

"నీకు జలుబు చేస్తది. ఒడ్డు మీద కూసో."

ధైర్యమంతా ఆ పిల్లకు, జాగ్రత్తంతా నాకు.

విశాఖపట్నంలో కాలేజీలో చేర్పించడానికి అమ్మా రేణుకా ఇద్దరే రైల్లో వెళ్లారు. అమ్మ తిరిగొచ్చి "చేర్చుకున్నరు" అని మాత్రం చెప్పి, బట్టలు నానబెట్టుకుంది.

అమ్మ నాకు ఏమీ ఇవ్వలేదంటే అన్యాయమవుతుంది. "లెక్క తప్పిందని ఏడ్వకు, యాడ తప్పిందో చూడు" అనేది. ఆ మాట మీదే, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే నా ఉద్యోగం ఈనాటికీ నడుస్తోంది. కానీ మా వీధిలో ఎవరు కలిసినా అమ్మ చెప్పేది నా ఉద్యోగం గురించి కాదు. "మా రేణుక ఓడ ఇప్పుడు ఆఫ్రికా దాటుతున్నది" అని. ఆ 'మా' నాకు ముల్లులా గుచ్చుకునేది.

అమ్మ పోయిన నెలకు రేణుక ఓడ దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. ఫొటో ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "మేడం సముద్రం చూసిన సంగతి నీకు చెప్పిందా?" అంది.

"లేదు."

"కాలేజీల పని అయినంక బీచికి పోయినం. చెప్పులు చేతుల పట్టుకొని దూరంగనే నిలబడ్డది. అల కాళ్ల మీదికి రాంగనే కేకపెట్టి నన్ను పట్టుకున్నది. సముద్రం నీళ్లు ఉప్పగుంటయని ఎన్నేండ్లు పాఠం చెప్పినా తను రుచి చూడలేదట. వేలు ముంచి నాలిక మీద పెట్టుకొని, 'నిజంగనే ఉప్పగున్నదే!' అని చిన్నపిల్ల లెక్క ఒకటే నవ్వు."

అమ్మ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే కనిపిస్తోంది: తడిసిన చీర కుచ్చిళ్లు, నాలుక మీద వేలు, ఆపుకోలేని నవ్వు, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కన రేణుక.