పడవకి పోసిన నీళ్లు

యాభైల చివర్లో నేను కాపరానికి వచ్చేటప్పటికి బందరంటే ఇంకా పెద్ద రేవే అనుకుంటున్నాను. గుడివాడ పక్కన మా పల్లెలో అందరూ అలాగే చెప్పారు. ఓడలు, డచ్చివాళ్ల కోట, సీమకి వెళ్లిన అద్దకం బట్టలు. తీరా వచ్చి చూస్తే ప్లీడర్లు, కాలేజీ కుర్రాళ్లు, దోమలు. ఓడ వచ్చిందని జెండా ఎగరేసే కొయ్య ఉంది గానీ జెండా లేదు. సరుకంతా రైలెక్కి పోతోంది.

మా మావయ్యగారికి ఒక సరుకు పడవ ఉండేది. బందరులో ఓడలు ఒడ్డుకి రావు. దూరాన సముద్రంలో ఆగితే ఇలాంటి పడవలే వెళ్లి సరుకు దించుకొచ్చేవి. పని లేక దాన్ని మా పెరటి వెనక కాలవ గట్టు మీదికి లాగేశారు. పడవ ఎండితే బల్లలు విచ్చుకుంటాయి, మళ్లీ దించితే మునుగుతుంది. అందుకని రోజూ లోపల నీళ్లు పోయాలి. ఆ పని కొత్తకోడలి నెత్తిన పడింది. ఆదివారం చర్చి నుంచి రాగానే చీరైనా మార్చకుండా బిందె ఎత్తాల్సిందే.

మొదట్లో పోటు వేళ కాలవలో ముంచుకునేదాన్ని. మేట వేసి ఆ కాలవా పూడిపోయాక, వీధి పంపు దగ్గర తగువులాడి తెచ్చిన మంచినీళ్లే పోశాను. ఒళ్లు మండిపోయేది.

"మనకే తాగడానికి లేవు మావయ్యగారూ. ఓడ వచ్చినా దీన్ని ఎందులో దించుతారు?" అని ఒకరోజు అడిగేశాను.

"తవ్విస్తారమ్మా. బందరుని అలా వదిలేస్తారా?" అన్నారు.

ఆ నమ్మకం చూస్తే జాలేసేది, భయమూ వేసేది. నేనేం చెయ్యగలను? పోశాను.

ఆయన జబ్బుచేసి మంచాన పడ్డాక మావారు పడవని కట్టెల అడితివాడికి అమ్మేశారు. తండ్రితో చెప్పే ధైర్యం చాల్లేదు. గొడ్డలి చప్పుడుతో ఆయనకే తెలిసింది. సగం కొట్టాక అడితివాడు గుమ్మంలోకి వచ్చి విసుక్కున్నాడు.

"ఇంత తడిగా ఉందేంటండీ? ఆరితేగానీ పొయ్యిలోకి పనికిరాదు."

బల్లలు మా పెరట్లోనే ఎండకి పరిచి వెళ్లాడు. మావయ్యగారి మంచం మీద నుంచి అవి కనపడతాయి. తలుపు వేస్తానంటే వద్దన్నారు.

మర్నాడు అలవాటుకొద్దీ బిందెతో పెరట్లోకి వెళ్లి, ఎక్కడ పొయ్యాలో తెలియక నిలబడిపోయాను.

"ఇంక వద్దులే అమ్మా," అన్నారు లోపల్నుంచి. "తాగడానికి ఉంచుకోండి."